తొలి డ్రిఫ్ట్ కారు: ఎస్13 సిల్వియా మీద ఏ పని ముందు, ఏ పని తర్వాత

ఎమ్మెస్‌కి అమెరికా వచ్చి, ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాళ్లు శనివారాలు మా గ్యారేజీకి వస్తుంటారు. బానెట్ ఎత్తగానే అందరూ అడిగేది ఒకటే: “అన్నా, 400 హార్స్‌పవర్ వస్తుందా?” వస్తుంది. కానీ అది చివర్లో అడగాల్సిన ప్రశ్న. నా నిస్సాన్ ఎస్13 ఇప్పటికీ 240 హార్స్‌పవర్ దగ్గరే ఉంది. ఆరేళ్లుగా అదే ఇంజిన్‌తో ట్రాక్ మీద రోజంతా తిరుగుతున్నాను. అంతకు ముందు ఒక ఇంజిన్ పోగొట్టుకున్నాను. ఈ మార్గదర్శిలో చెప్పే వరుస నాకు ఆ నష్టం నేర్పిందే.

డ్రిఫ్టింగ్‌కి, అంటే మలుపుల్లో కారును కావాలని పక్కకు జార్చుతూ నడపడానికి, పేరు తెచ్చిన కారేమీ బలమైనది కాదు. కునిమిత్సు తకహాషి 1961లో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రీ గెలిచిన తొలి జపనీయుడు. తర్వాత కార్ల రేసుల్లోకి వచ్చి, 1970లలో మలుపుల్లో కారును పక్కకు జార్చుతూ నడిపేవాడు. ఆయన్ని చూసి నేర్చుకున్న కెయిచీ త్సుచియా ఉసుయి కనుమ దారిలో సాధన చేశాడు. ఆయన పేరు వినగానే గుర్తొచ్చే కారు టొయోటా ఏఈ86. దానిది 1.6 లీటర్ల ఇంజిన్, లోపలికి గాలిని కుక్కే టర్బో లేదు. జార్చడం చేతికి వస్తే పవర్ ఎప్పుడైనా తెచ్చుకోవచ్చు. పవర్ ముందు తెచ్చుకున్నవాళ్లలో చాలామంది చేతికి మాత్రం ఏమీ రాలేదు.

ముందుగా: ఏ కారు, ఎక్కడ

నిస్సాన్ సిల్వియా ఎస్13 జపాన్‌లో 1988లో వచ్చింది. దాని తమ్ముడి లాంటి 180ఎస్ఎక్స్ 1989 నుంచి 1998 దాకా నడిచింది. ఎస్14 1993లో, ఎస్15 1999లో వచ్చాయి. 2002లో సిల్వియా పేరే ఆగిపోయింది. మొదటి ఎస్13 టర్బోల్లో 1.8 లీటర్ల సీఏ18డీఈటీ ఇంజిన్ ఉండేది, 175 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటి కొలతే). 1991 నుంచి దాని స్థానంలో రెండు లీటర్ల ఎస్ఆర్20డీఈటీ వచ్చింది, 205 పీఎస్. అదే ఇంజిన్ ఎస్14లో 220కి, ఎస్15లో 250కి పెరిగింది.

అమెరికాలో ఇదే కారును 240ఎస్ఎక్స్ పేరుతో అమ్మారు. టర్బో ఇవ్వలేదు, 2.4 లీటర్ల కేఏ24 ఇంజిన్ పెట్టారు. అందుకే ఇక్కడ చాలామంది 240ఎస్ఎక్స్ కొని, జపాన్ నుంచి ఎస్ఆర్20డీఈటీ తెప్పించి మార్చుకుంటారు. కారు మొత్తంగా తెచ్చుకోవాలంటే తయారై 25 ఏళ్లు నిండాలి. కాలిఫోర్నియాలో ఉంటే మార్పిడికి ముందు స్మాగ్ పరీక్ష (పొగ కాలుష్య పరీక్ష) నిబంధనలు చదవండి. కారు కట్టాక చదివితే ఉపయోగం లేదు.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుతున్నవారికి ఒక మాట. సిల్వియా మన దేశంలో ఎప్పుడూ అమ్మలేదు. వాడిన కారును దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్లకు మించి పాతది కాకూడదు. అంటే ఈ కారుకి ఆ తలుపు మూసుకుపోయినట్టే. కంపెనీ ఇచ్చిన నిర్మాణాన్ని మార్చిన బండి రోడ్డు మీద చెల్లదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అక్కడ ఉన్నవారికి నేను చెప్పేది ఒకటే, స్టీరింగ్ వీల్, హ్యాండ్‌బ్రేక్ లివర్ ఉన్న మంచి సిమ్యులేటర్ కొనుక్కోండి. కారు జారుతున్నప్పుడు స్టీరింగ్‌ని ఎంత వదలాలి, ఎప్పుడు పట్టుకోవాలి అన్నది దాని మీదే సగం వచ్చేస్తుంది. రింగ్ రోడ్డు మీద మాత్రం ఎవరూ ప్రయత్నించవద్దు. ఇది ప్రాణాల విషయం.

డబ్బు గురించి నా లెక్క: మీ దగ్గరున్న మొత్తంలో సగానికి మించి కారు కొనడానికే పెట్టకండి. మిగతా సగం మరమ్మతులకు, టైర్లకు కావాలి. టైర్లకు ఎంత అవుతుందో మొదటి రోజు సాయంత్రమే తెలిసిపోతుంది.

తుప్పు: కొనకముందే చూడాల్సింది

ఈ కార్ల వయసు ముప్ఫై దాటింది. ఇంజిన్ మార్చవచ్చు, గేర్‌బాక్స్ మార్చవచ్చు, కుళ్లిన షాసీని మాత్రం మార్చలేం. బానెట్ ఎత్తి రెండు పక్కలా స్ట్రట్ టవర్ల (ముందు సస్పెన్షన్ పై కొస బిగించే గూళ్ల) చుట్టూ ఉన్న అతుకులు చూడండి. కారును లిఫ్ట్ మీద ఎత్తించి, కింద పొడవునా ఉండే ఫ్రేమ్ రైళ్లు, తలుపుల కింది సిల్స్, వెనక చక్రాల లోపలి ఆర్చ్‌లు వేలితో నొక్కి చూడండి. కొత్తగా నల్లటి అండర్‌కోటింగ్ పూసి ఉంటే దాని వెనక ఏముందో అనుమానించాల్సిందే. చిన్న అయస్కాంతం జేబులో పెట్టుకెళ్లండి. అంటుకోవాల్సిన చోట అంటుకోకపోతే అక్కడ ఇనుముకి బదులు పుట్టీ ఉంది.

ఫ్రేమ్ రైళ్లు కొద్దిగా నొక్కుకుపోయి ఉండటం ఈ కార్లలో మామూలే, తప్పుగా జాక్ పెట్టడం వల్ల అలా అవుతుంది. తుప్పు లేకుండా నొక్కు మాత్రమే ఉంటే భయపడనక్కర్లేదు.

ఇంజిన్ ఆరోగ్యం

నా మొదటి ఎస్ఆర్20డీఈటీ తక్కువ కిలోమీటర్లు తిరిగినదని చెప్పి అమ్మారు. నేనూ నమ్మి, పరీక్ష చేయకుండానే బిగించాను. మూడో ట్రాక్ రోజున ఒక పొడవైన కుడి మలుపులో కింద నుంచి టక్ టక్ మని శబ్దం మొదలైంది. నాలుగు సెకన్లలో ఆపేశాను, అయినా కాన్‌రాడ్ (పిస్టన్‌ను క్రాంక్‌కి కలిపే కడ్డీ) బేరింగ్ పోయింది. విప్పి చూస్తే మిగతా బేరింగులు కూడా అరిగిపోయి రాగి రంగు కనబడుతోంది. ఆ అరుగుదల నేను కొనకముందు నుంచే ఉంది. ఒక గంట పరీక్ష చేసుంటే కొనేవాణ్నే కాదు.

ఆ గంట పని ఇలా చేయాలి. ఇంజిన్ వేడెక్కాక ఆపి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీసేయండి. ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి, ఇగ్నిషన్ కాయిల్స్ కనెక్టర్లు ఊడదీయండి. ఒకరు లోపల కూర్చుని యాక్సిలరేటర్ చివరి దాకా తొక్కిపెట్టాలి. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్‌ని ఒక్కో సిలిండర్‌కీ బిగించి ఐదారు తిరుగుళ్ల పాటు స్టార్టర్ తిప్పండి. నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోండి. అంకె ఎంత పెద్దదన్నదానికంటే నాలుగూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. అన్నిటికంటే ఎక్కువదానికీ తక్కువదానికీ మధ్య తేడా పది శాతం దాటితే ఆ ఇంజిన్‌ను వదిలేయండి, లేదా విప్పి బాగుచేసే ధరకే అడగండి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వుల దగ్గరో గాస్కెట్ దగ్గరో లీకు ఉంది.

తర్వాత పాత ఆయిల్‌ను శుభ్రమైన తెల్లటి డబ్బాలోకి దించి ఎండలో చూడండి. ఫిల్టర్‌ని కోసి, లోపలి కాగితం మడతలు విప్పండి. రాగి రంగు మెరుపు కనిపిస్తే బేరింగులు అరుగుతున్నట్టే. నా మొదటి ఇంజిన్ ఫిల్టర్‌ను అది పోయాక కోశాను. ఆ మెరుపు అందులో ఉంది.

ఎస్ఆర్20డీఈటీ నిజంగా మంచి ఇంజిన్. బోర్ 86, స్ట్రోక్ 86 మిల్లీమీటర్లు, సరిసమానం. అల్యూమినియం బ్లాక్ కావడం వల్ల ముక్కు భాగం తేలికగా ఉంటుంది. టైమింగ్‌కి బెల్టు కాకుండా చెయిన్ వాడారు. కానీ దానికి ఒక బలహీనత ఉంది. పంగల కర్రలా చీలి, రెండేసి వాల్వులను తొక్కే రాకర్ ఆర్మ్‌లు దేనికీ బిగించి ఉండవు. లాష్ అడ్జస్టర్ (వాల్వు సందును సరిచేసే ముక్క) మీద, వాల్వుల కొసల మీద ఆని నిలుస్తాయంతే. ఆర్‌పీఎం హద్దు దాటినప్పుడు, ముఖ్యంగా తప్పు గేరులో పడ్డప్పుడు, అవి జారి పడిపోతాయి. డ్రిఫ్ట్‌లో లిమిటర్‌ను (ఆర్‌పీఎం హద్దు దాటకుండా ఆపేదాన్ని) కొట్టడం నిత్యం జరిగేదే కనుక రాకర్ ఆర్మ్ స్టాపర్లు ముందే వేయించుకోండి. లిమిటర్‌ను పెంచే ఆలోచన మాత్రం మొదటి ఏడాది పెట్టుకోకండి.

ఆయిల్, నీళ్లు, పెట్రోలు

మామూలు రోడ్డు మీద కారుకి గాలి ఎదురుగా తగులుతుంది. డ్రిఫ్ట్‌లో కారు పక్కకు పోతుంటుంది, ముందు నుంచి రేడియేటర్‌లోకి వచ్చే గాలి తగ్గిపోతుంది, ఇంజిన్ మాత్రం 6000 మీద అరుస్తుంటుంది. పైగా ఆయిల్ సంప్‌లో (ఇంజిన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టిలో) ఒక పక్కకు చేరిపోయి, పీల్చే గొట్టానికి గాలి అందుతుంది. నా ఇంజిన్‌కి చివరి దెబ్బ ఆ పొడవైన మలుపులోనే తగిలింది.

అందుకని ఈ పనులు పవర్ కంటే ముందు చేయండి. మందపాటి అల్యూమినియం రేడియేటర్, దాని వెనక పూర్తి ష్రౌడ్‌తో (గాలిని ఫ్యాన్‌కి మళ్లించే తొడుగుతో) ఫ్యాన్. ష్రౌడ్ లేని ఎలక్ట్రిక్ ఫ్యాన్ తన ముందున్న కాస్త మేరకే గాలి లాగుతుంది. సంప్‌లో ఆయిల్ పక్కకు పోకుండా బాఫిల్ ప్లేట్. థర్మోస్టాట్ ఉన్న ఆయిల్ కూలర్. అసలైన ఆయిల్ ప్రెషర్ గేజ్, ఆయిల్ టెంపరేచర్ గేజ్, వాటికి ఎర్ర లైటో బజరో. జారుతున్నప్పుడు మీ కళ్లు గేజ్ మీద ఉండవు, అందుకే లైటు కావాలి. ఆయిల్ 120 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపలికి వచ్చి చల్లబరచండి. పవర్ స్టీరింగ్ ఫ్లూయిడ్ కూడా మరుగుతుంది, చిన్న కూలర్ వేస్తే సరిపోతుంది. లేకపోతే అది పొంగి వేడి ఎగ్జాస్ట్ మీద పడి మంటలు రేగే ప్రమాదం ఉంది.

పెట్రోలు ట్యాంకు సగానికి తగ్గనివ్వకండి. మలుపులో పెట్రోలు పక్కకు పోయి పంపుకి గాలి అందితే, బూస్ట్‌లో ఉన్న (టర్బో గాలిని కుక్కుతున్న) ఇంజిన్‌కి ఒక్క క్షణం పెట్రోలు తగ్గినా పిస్టన్ కరిగిపోవచ్చు.

డిఫరెన్షియల్

డిఫరెన్షియల్ అంటే ఇంజిన్ పవర్‌ను రెండు వెనక చక్రాలకూ పంచే గేర్ల పెట్టె. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌తో డ్రిఫ్ట్ కుదరదు. పట్టు తక్కువున్న లోపలి చక్రం ఒక్కటే గిర్రున తిరుగుతుంది, కారు జారకుండా ఆగిపోతుంది. రెండు దారులున్నాయి. లోపలి గేర్లను వెల్డింగ్‌తో అతికేయడం చవకైనది, రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. కానీ పార్కింగ్‌లో టైర్లు కీచుమంటాయి, వెల్డింగ్ సరిగా లేకపోతే లోపలే విరిగి కేసింగ్‌ను పగలగొడుతుంది. రెండోది టూ-వే ఎల్‌ఎస్‌డీ, అంటే రెండు చక్రాల వేగాల మధ్య తేడాను హద్దులో ఉంచే డిఫరెన్షియల్. యాక్సిలరేటర్ నొక్కినప్పుడూ, వదిలినప్పుడూ కూడా ఇది లాక్ అవుతుంది. డ్రిఫ్ట్‌లో పెడల్ వదిలిన క్షణంలో కూడా వెనక భాగం ఒకేలా ప్రవర్తించాలి, అందుకే టూ-వే. డబ్బు ఉంటే ఇదే తీసుకోండి.

ముందు చక్రాలు ఎంత తిరుగుతాయి

కొత్తవాళ్లు ఈ పనికి విలువ ఇవ్వరు. నన్ను అడిగితే కారులో అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చేది ఇదే.

కారు పక్కకు జారుతున్నప్పుడు ముందు చక్రాలు జారే దిశకు తిరిగి ఉండాలి. చక్రం తిరగగలిగిన దానికంటే కారు ఎక్కువ కోణంలోకి వెళ్లిపోతే ఇక చేసేదేమీ లేదు, గిర్రున తిరిగిపోతుంది. పోటీ కార్లలో ఈ కోణం 60 డిగ్రీలు దాటుతుంది. మొదటి కారుకి అంత అవసరం లేదు. స్టీరింగ్ తిప్పితే పక్కకు జరిగే కడ్డీ ర్యాక్, దాన్ని చక్రానికి కలిపేది టై రాడ్. లోపలి టై రాడ్ దగ్గర చిన్న స్పేసర్లు వేస్తే ర్యాక్ ఇంకొంచెం దూరం జరుగుతుంది. తర్వాత మార్చిన నకిల్స్ (చక్రాన్ని పట్టుకుని తిప్పే ముక్కలు) వేస్తే టై రాడ్ ఆనే చోటు చక్రం మలుపు తిరిగే ఇరుసుకి దగ్గరై, అంతే ర్యాక్ కదలికకు చక్రం ఎక్కువ తిరుగుతుంది. స్టీరింగ్ కాస్త బరువెక్కుతుంది, అలవాటవుతుంది.

కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు-షాక్ జతలు) వేశాక అలైన్‌మెంట్ ఇలా మొదలుపెట్టండి: ముందు క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికో బయటికో వంగడం) మైనస్ 3 నుంచి మైనస్ 4 డిగ్రీలు, క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే చక్రం మలుపు తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) 7 డిగ్రీల దగ్గర, టో (పై నుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరగడం) కొద్దిగా బయటికి. వెనక క్యాంబర్ మైనస్ 1కి మించకుండా, టో సున్నా. క్యాస్టర్ ఎక్కువుంటే, కారు జారగానే స్టీరింగ్ మీ చేతుల్లో నుంచి తనంతట తానే జారే వైపు తిరుగుతుంది. వెనక టైరు మాత్రం నేల మీద పరుచుకుని నిలబడాలి. వెనక చక్రాలను లోపలికి బాగా వంచి స్టైల్ కోసం నడిపేవాళ్లున్నారు. ఫొటోకి బాగుంటుంది కానీ టైరు లోపలి అంచు గంటలో అరిగిపోతుంది.

సస్పెన్షన్‌ను మరీ కిందికి దించకండి. లోయర్ ఆర్మ్‌లు నేలకు దాదాపు సమాంతరంగా ఉన్నంత వరకే దించండి. వెనక సబ్‌ఫ్రేమ్ రబ్బరు బుష్‌లు ఇన్నేళ్లకు చచ్చిపోయి ఉంటాయి, వాటిని తప్పక మార్చాలి.

సీటు, బెల్టు, బ్రేకులు

కదలని బకెట్ సీటు వేయించుకోండి. ఒంటిని సీటు పట్టుకోవాలి, స్టీరింగ్ కాదు. హార్నెస్ (భుజాల మీదుగా వచ్చే రేసు బెల్టు), స్నెల్ ఎస్ఏ (కారు రేసుల భద్రతా ప్రమాణం) ముద్ర ఉన్న హెల్మెట్, చేయి చాచితే అందేలా బిగించిన అగ్నిమాపక సిలిండర్, వీటిలో ఏదీ తర్వాత చూద్దాం అనుకునేది కాదు. బ్రేకులకు మొదట మంచి ప్యాడ్లు, కొత్త ఫ్లూయిడ్ చాలు. హ్యాండ్‌బ్రేక్‌కి లాక్ పడకుండా ఆపే స్పిన్ టర్న్ నాబ్ దొరుకుతుంది, చవక. కేబుల్ సరిగా బిగిస్తే మొదటి ఏడాది హైడ్రాలిక్ హ్యాండ్‌బ్రేక్ అక్కర్లేదు.

ఇప్పుడు బూస్ట్

టర్బో చేసేది గాలిని కుక్కడం. కుక్కిన గాలి వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీలుండి, ఒక బార్ బూస్ట్ పెడితే, కంప్రెసర్ సామర్థ్యం 70 శాతమైనా గాలి దాదాపు 125 డిగ్రీల దగ్గర బయటికి వస్తుంది. ఆ వేడి గాలి సిలిండర్‌లోకి వెళితే స్పార్క్ పూర్తిగా మంట పెట్టకముందే మిశ్రమం అక్కడక్కడ తనంతట తానే పేలుతుంది. అదే నాక్. పిస్టన్ అంచులు విరగ్గొట్టేది అదే. అందుకే పవర్ పనుల్లో మొదటిది ఆ గాలిని చల్లబరిచే, ముందు వైపు బిగించే పెద్ద ఇంటర్‌కూలర్.

తర్వాత మూడు అంగుళాల ఎగ్జాస్ట్, గంటకు 255 లీటర్ల పెట్రోలు పంపు, ఒక మెట్టు చల్లటి హీట్ రేంజ్ ఉన్న స్పార్క్ ప్లగ్గులు, 0.8 మిల్లీమీటర్ల గ్యాప్. ఇన్‌టేక్ పైపులన్నీ బిగించాక ఒక చివర మూసి, కంప్రెస్డ్ ఎయిర్ పెట్టి, అతుకుల మీద సబ్బు నీళ్లు చల్లి బుడగలు చూడండి. పవర్ తక్కువొస్తోందని వచ్చే కార్లలో ఎక్కువ వాటికి జబ్బు ఇక్కడే ఉంటుంది.

ఇంజెక్టర్ల లెక్క మీరే వేసుకోవచ్చు. ఎస్ఆర్20డీఈటీలో కంపెనీ ఇచ్చిన ఇంజెక్టర్ 370 సీసీ, అంటే గంటకు సుమారు 35 పౌండ్ల పెట్రోలు. ఇంజెక్టర్‌ను 80 శాతం దాకానే వాడాలి, టర్బో ఇంజిన్ ఒక హార్స్‌పవర్‌కి గంటకు సుమారు 0.55 పౌండ్లు తాగుతుంది అనుకుంటే, 35ను 0.8తో, నాలుగుతో గుణించి 0.55తో భాగించండి. దాదాపు 204 వస్తుంది. అంటే కంపెనీ చెప్పిన పవర్‌కే అవి సరిపోతున్నాయి. 550 సీసీ వేస్తే ఇదే లెక్కకు సుమారు 305. కాబట్టి “బూస్ట్ కంట్రోలర్ ఒక్కటి పెట్టి తిప్పేద్దాం” అనేవాళ్ల మాట వినకండి. గాలి పెరిగి పెట్రోలు పెరగకపోతే నాక్ వస్తుంది.

ఎస్13లో వచ్చే టీ25 టర్బో 0.8 బార్ దాకా హాయిగా పనిచేస్తుంది. ఆపైన వేడి గాలి తప్ప పెద్దగా ఏమీ ఇవ్వదు. అక్కడ 240 హార్స్‌పవర్ దగ్గర వస్తుంది, మొదటి రెండేళ్లకు అది పుష్కలం. చిన్న టర్బో కావడం వల్ల పెడల్ నొక్కగానే బూస్ట్ వస్తుంది, నేర్చుకునేవారికి అదే కావాలి. 280 నుంచి 300 కావాలంటే ఎస్14లో, ఎస్15లో వాడిన టీ28 తరగతి టర్బో చాలు. 300 దాటితే మాత్రం గేర్‌బాక్స్, క్లచ్, యాక్సిల్స్ ఒక్కొక్కటిగా మాట్లాడటం మొదలుపెడతాయి. అప్పుడు ప్రతి 50 హార్స్‌పవర్‌కీ ఇంకో కొత్త ఖర్చు వెంట వస్తుంది.

ట్యూనింగ్ మాత్రం సొంతంగా నేర్చుకుంటూ చేసే పని కాదు. గాలి-పెట్రోలు నిష్పత్తి చూపే వైడ్‌బ్యాండ్ సెన్సర్ పెట్టించుకోండి, నాక్ వినగలిగే పరికరాలున్న డైనో (పవర్ కొలిచే యంత్రం) దగ్గర అనుభవమున్నవారితో చేయించండి. పూర్తి బూస్ట్‌లో గాలి-పెట్రోలు నిష్పత్తి 11.5 నుంచి 12 మధ్య ఉండేలా అడగండి. కాగితం మీద పెద్ద అంకె రావడానికి ఇగ్నిషన్ టైమింగ్‌ను అంచు దాకా తోసేవాళ్లు ఉంటారు. ఎండలో పది ల్యాపులు తిరిగే కారు ఇదని, రెండు డిగ్రీలు తగ్గించి ఇవ్వమని ముందే చెప్పండి.

మొదటి రోజు

తడిసిన స్కిడ్‌ప్యాడ్ (జార్చడం సాధన చేసే విశాలమైన చోటు) ఉన్న ట్రాక్ దొరికితే అక్కడే మొదలుపెట్టండి. టైర్లు అరగవు, వేగం తక్కువ, తప్పులు మెల్లగా జరుగుతాయి. వెనక చవకైన 225/45 ఆర్17 టైర్లు, గాలి 38 పీఎస్ఐ దాకా. ముందు మంచి టైర్లు, 32.

ఒక కోన్ చుట్టూ గుండ్రంగా, రెండో గేరులో. ముందు క్లచ్ తొక్కి వదిలి వెనక భాగాన్ని విడిపించండి. జారగానే స్టీరింగ్‌ను బలంగా తిప్పకండి, వేళ్లు సడలించండి, అది తనంతట తానే తిరుగుతుంది. మీరు కావాల్సిన చోట పట్టుకోవడమే. తర్వాత కారు ఎంత వెడల్పుగా తిరగాలో పెడల్‌తో నిర్ణయించండి. ఒక వైపు ఐదు చుట్లు ఆగకుండా వచ్చాక రెండో వైపు. రెండూ వచ్చాక రెండు కోన్లతో ఎనిమిది. ఆ ఎనిమిది మధ్యలో బరువు ఒక వైపు నుంచి మరో వైపుకి మారే క్షణం ఉంటుంది, స్టీరింగ్ చేతుల్లో నుంచి జారి వెళ్లి అవతల పక్క ఆగుతుంది. ఆ క్షణం నాకు మొదటిసారి కుదిరిన రోజు ఇప్పటికీ గుర్తుంది, గుండె గొంతులోకి వచ్చింది. కుదిరేసరికి ఆ రోజు సాయంత్రం ఐదయింది.

ప్రతి పరుగు తర్వాత ఒక ల్యాపు నెమ్మదిగా తిరిగి లోపలికి రండి. బానెట్ ఎత్తి ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి ఆపండి, టర్బో బేరింగుల్లో ఆయిల్ మాడిపోదు. వీల్ నట్లను టార్క్ రెంచ్‌తో చూడండి. డిప్‌స్టిక్ తీయండి. టై రాడ్ చివర్లు పట్టుకుని ఊపండి. కారు కింద పడుకుని తడిగా ఏదైనా ఉందేమో టార్చి వేసి చూడండి. ఇంటికొచ్చాక ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి, ఆ కాగితం మడతలు ఎండలో విప్పి చూడండి.